పొట్టు ఏమైనట్టు?

ఆ రోజు ఉదయం సీలు సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే స్నానం చెయ్యాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, ఇంట్లో ఎవరి కంటా పడకుండా గుప్పెడు గోధుమ పిండి దొంగిలించాలి. మొదటి రెండూ సాఫీగానే జరిగిపోయాయి.

సొంత ఇంట్లో పిండి దొంగిలించాల్సిన ఖర్మేమిటని అడగొచ్చు. సీలు సారు సంగతి తెలియక అడిగే మాట అది. ఆయన బిస్కెట్ల ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ అధికారి. పిండి బస్తా మొదలుకొని పంచదార పీపా దాకా కంటికి కనిపించిన ప్రతిదాని మీదా సీలు వేస్తాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతాలిచ్చే గుమాస్తాకి కూడా గుర్తు లేదు. ఆ సీలు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగి ఉంటే లోకానికి బాగానే ఉండేది. కానీ అది ఆయనతో పాటు ఇంటికి వచ్చేది. పంచదార డబ్బా మీద ఎంతవరకు ఉందో పెన్నుతో గీత, నూనె సీసా మీద గీత, చాకలికి వేసే చొక్కాల మీద ఇంటి సీలు, ఆఖరికి పళ్లు తోముకునే పేస్టు మీద కూడా గీతే. చెత్తబుట్టలో ఏం పడిందో రోజూ తొంగి చూడందే ఆయనకు తోచదు. పాపం ఇల్లాలు, ఇన్నేళ్లుగా ఆ గీతల మధ్యే కాపురం నెట్టుకొస్తోంది.

అలాంటి మనిషికి కొన్ని నెలలుగా కడుపు ఎదురు తిరిగింది. ఒకనాడు ముద్ద దిగీ దిగకముందే పరుగు తీయిస్తుంది. ఒకనాడు పొట్ట డోలులా ఉబ్బి, ఎంత బతిమాలినా కదలదు. లోపల ఎవరో సామాను సర్దుతున్నట్టు గడబిడ. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, "మీ పేగులు శుభ్రంగా ఉన్నాయండీ. పుండు లేదు, పురుగు లేదు. కాకపోతే వాటికి చిరాకు ఎక్కువ. ఇరిటబుల్ బవల్ సిండ్రోమ్ అంటాం. మీరు తినేదాంట్లో పీచు సంగతి కాస్త చూసుకోవాలి" అన్నాడు.

"చిరాకా? నా పేగులకా? ఈ మాట మీకు ఎవరు చెప్పారు? మా ఆవిడ ముందే ఫోన్ చేసిందా?" అని పక్కనే కూర్చున్న ఇల్లాలి వంక చురచురా చూస్తూ సీలు సారు కుర్చీలోంచి లేచాడు. డాక్టరుకీ మందుల షాపుకీ ఏదో లాలూచీ ఉందని గట్టిగా తేల్చుకుని విసవిసా బయటికి వచ్చేశాడు. గొడుగు మరిచిపోయానంటూ మళ్లీ లోపలికి వెళ్లిన ఇల్లాలు, ఆ గొడుగు వెతకడానికి చాలాసేపే తీసుకుంది. ఆ గొడుగు కూడా అనుమానాల జాబితాలోకి ఎక్కింది.

అప్పటి నుంచీ ఇంట్లో అంతా తేడాగానే ఉంది. వంటింటి తలుపు ఓరగా వేసి ఉంటోంది. రొట్టెలు తెల్లగా, దూదిలా మెత్తగా వస్తున్నాయి. తన ఇంట్లో ఇంత మెత్తటి రొట్టె ఆయన ఎన్నడూ ఎరగడు. మెత్తగా ఉందంటే అందులో ఏదో ఉందన్నమాటే. మొన్నటికి మొన్న ఇల్లాలు ఫోనులో గొంతు తగ్గించి, "ఆయనకి తెలియకుండానే చేస్తున్నాన్రా తమ్ముడూ. పూటపూటా అదే పెడుతున్నా. ఇంకో వారంలో సంగతి తేలిపోతుంది" అనడం ఆయన చెవిన పడింది. తమ్ముడంటే ఆయన బామ్మర్ది. అదే ఫ్యాక్టరీలో స్టోరు చూస్తాడు. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ కలిసి తన తిండిలో ఏదో కలుపుతున్నారు. ఏం కలుపుతున్నారో ల్యాబ్‌లో తేల్చాలి. అందుకే ఈ పిండి దొంగతనం.

డబ్బాలో చెయ్యి పెట్టి, జేబులోంచి తీసిన ఫ్యాక్టరీ కవరులో పిండి నింపుతుండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏం చేస్తున్నారండీ అక్కడ?"

"మంచినీళ్లు తాగుతున్నా."

"మంచినీళ్లు పిండి డబ్బాలో ఉండవు."

"అదే చూస్తున్నా," అని కవరు జేబులోకి తోసేశాడు. మీసం మీద పిండి అంటుకుని ఉంది. ఇల్లాలు దాన్ని చూసింది. చూసి కూడా ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఆయనకు మరీ అనుమానం పుట్టించింది.

"క్యారేజీ ఇదిగో. బయటేమీ తినకండి," అంది.

"నేనెప్పుడైనా బయట తిన్నానా? ఇంటి తిండి తప్ప బయటి మెతుకు ముట్టను. ఆ సంగతి నీకూ తెలుసు, నీ తమ్ముడికీ తెలుసు," అని ఆఖరి మాట ఒత్తి పలికి సీలు సారు బయలుదేరాడు.

ఫ్యాక్టరీలో ఆ రోజు మామూలు రోజు కాదు. యజమాని ఎంతో ఆశ పెట్టుకుని పీచు బిస్కెట్టు అనే కొత్త సరుకు తయారు చేయించాడు. తెల్లటి పిండిలో గోధుమ పొట్టు దండిగా కలిపి కాల్చిన బిస్కెట్టు అది. ఊళ్లో పెద్ద ఆసుపత్రి తన రోగులకు ఆ బిస్కెట్లు తీసుకుంటుందా లేదా తేల్చడానికి అక్కడి ఆహార నిపుణురాలు ఆ పూట స్వయంగా వస్తోంది. ఆర్డరు గనక వస్తే సీలు సారుకు మూలగది ఇస్తానని యజమాని మాట ఇచ్చాడు.

మూలగది అంటే ఏమిటో తెలియాలంటే పాత మరుగుదొడ్డి ఎక్కడుందో తెలియాలి. అది ప్యాకింగ్ హాలు దాటి, గోడౌను పక్క నుంచి తిరిగి, అందరూ చూస్తుండగా వెళ్లాల్సిన చోట ఉంది. సీలు సారు నడక చూసి ప్యాకింగ్ ఆడవాళ్లు ఆయన కడుపు పరిస్థితి చెప్పేసేవాళ్లు. "ఇవాళ సారుకి తీరిగ్గానే ఉందే" అని ఒకరు, "అమ్మో, పక్కకి జరగండర్రా" అని ఇంకొకరు. మూలగదికి సొంత మరుగుదొడ్డి ఉంది. లోపల్నుంచి గడియ ఉంది. హోదా అక్కర్లేదు, జీతం పెంచకపోయినా ఫర్వాలేదు, ఆ గడియ తనదైతే చాలని సీలు సారు దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. కొంతమంది దేవుళ్లను అనుమానిస్తూనే మొక్కుకున్నాడు.

వచ్చీ రాగానే పనిలో పడ్డాడు. పొయ్యిలోంచి వచ్చిన ప్రతి ట్రే దగ్గరా ఆగి, ఒక బిస్కెట్టు తీసి, విరిచి, వాసన చూసి, నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని నమిలి, తలాడిస్తేనే ఆ ట్రే ముందుకు కదులుతుంది. ఇంకో రెండు జేబులో పడతాయి, తర్వాత మరోసారి పరీక్షించడానికి. ఈ కొత్త బిస్కెట్టు పని మొదలైన దగ్గర్నుంచీ ఆయనకు నమలడంలోనే పొద్దు గడిచిపోతోంది.

కాస్త సందు చూసుకుని ల్యాబ్ కిటికీ దగ్గరికి చేరాడు. ల్యాబ్ అమ్మాయిని పక్కకు పిలిచి, ఇది నా సొంత వ్యవహారం, ఎవరికీ చెప్పకు అని చెవిలో చెప్పాలని ఆయన ఉద్దేశం. కిటికీ దగ్గర ఆ అమ్మాయి లేదు. పక్క గదిలో గాజు గొట్టాలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. "ఏమ్మా" అని పిలవబోయేంతలో కడుపులో పెద్ద గడబిడ. ఇక నిలబడే యోగం లేదు. కవరు కిటికీ గట్టు మీద పడేసి ఆయన లగెత్తాడు. ప్యాకింగ్ ఆడవాళ్లు మాటామంతీ లేకుండా దారి ఇచ్చారు.

ఇక్కడ ఒక రూల్ గురించి చెప్పాలి. ల్యాబ్‌కు వెళ్లే ప్రతి కవరుకూ ఎక్కడి సరుకో రాసిన చీటీ ఉండాలి. చీటీ లేని కవరు కనిపిస్తే అది నడుస్తున్న లైనులోంచి రహస్యంగా తీసిన పిండి అని అర్థం. మిగతావన్నీ ఆపి ముందు దాన్ని పరీక్షించాలి, తేడా ఉంటే ఎవర్నీ అడక్కుండా గంట కొట్టి లైను ఆపేయాలి. ముందే చీటీ రాస్తే పనివాళ్లు జాగ్రత్తపడతారని అనుమానించి సీలు సారే ఆ రూల్ పెట్టాడు. దాన్ని పెద్దక్షరాలతో రాయించి ల్యాబ్ గోడకు తగిలించింది కూడా ఆయనే.

ల్యాబ్ అమ్మాయి వచ్చి చీటీ లేని కవరు చూసింది. గోడ వంక చూసింది. పిండిని నీళ్లలో కలిపి, సన్నటి జల్లెడలో కడిగింది. పీచు బిస్కెట్టు పిండి అయితే జల్లెడ మీద పొట్టు మేట వెయ్యాలి. జల్లెడ మీద ఏమీ మిగల్లేదు. ఇంకోసారి కడిగింది. ఊహూఁ. ఆ అమ్మాయి వెళ్లి గంట కొట్టేసింది.

సరిగ్గా అప్పుడే యజమాని పూలగుత్తి పట్టుకుని ఆహార నిపుణురాలిని లోపలికి తీసుకొస్తున్నాడు. "మా లైను ఒక్క క్షణం కూడా ఆగదండీ" అని ఆయన అంటూండగానే లైను ఆగింది.

మరుగుదొడ్డిలో ఉన్న సీలు సారుకు ముందు గంట వినిపించింది, తర్వాత యంత్రాల చప్పుడు ఆగిపోయింది. లైను మొత్తం ఆపేశారంటే పిండిలో ఏదో ఘోరమైనదే దొరికి ఉంటుంది. ఇన్నేళ్ల కాపురం కళ్ల ముందు తిరిగింది. ఏదో కలుపుతోందని అనుకున్నాడే గానీ మరీ ఇంత పని చేస్తుందనుకోలేదు. పేస్టు మీద గీత పెట్టడం కొంచెం ఎక్కువే అయిందేమో అని మొదటిసారి అనిపించింది. కళ్లు తుడుచుకుని బయటికి వచ్చాడు.

"ఏం దొరికిందమ్మా? దాచకు. నేను తట్టుకోగలను," అన్నాడు ల్యాబ్ అమ్మాయితో.

"ఏమీ దొరకలేదు సార్."

"ఏమీ దొరక్కపోతే గంటెందుకు కొట్టావు?"

"ఏమీ దొరక్కపోవడమే కదా సార్ గొడవ! పొట్టు లేదు. ఒక్క రేణువు లేదు."

"పీచు బిస్కెట్టులో పీచు లేదా?" యజమాని పూలగుత్తిని చంకలో ఇరికించుకుని ముందుకొచ్చాడు. "బస్తాలకి బస్తాలు పొట్టు తెప్పిస్తున్నాను కదయ్యా! అదంతా ఏమైనట్టు? స్టోరు చూసేవాణ్ణి పిలవండి. గేటు మూసేసి అందరి బళ్లూ వెతకండి!"

సీలు సారుకు అప్పుడు వెలిగింది. పరీక్షించింది తన కవరునే. అందులో విషం లేదు, మందు లేదు. హమ్మయ్య అనుకుని నోరు తెరవబోయాడు. తెరిస్తే ఇంటి పిండి ఎందుకు తెచ్చావంటారు. పెళ్లాన్ని అనుమానించి తెచ్చానని ఈ హాలంతటి ముందూ ఎలా చెప్పడం? చెబితే మూలగది గతేం కాను? నోరు మూసుకున్నాడు.

ఈలోగా బామ్మర్ది స్కూటర్ డిక్కీలోంచి వాచ్‌మన్ ఒక గుడ్డసంచి తెచ్చి బల్ల మీద బోర్లించాడు. బంగారు రంగులో గోధుమ పొట్టు కుప్పగా పడింది.

"ఇదేంటి?" అన్నాడు యజమాని.

"పొట్టు సార్," అన్నాడు బామ్మర్ది.

"అది నాకూ కనిపిస్తోంది. ఎందుకు?"

"మా కోళ్లకి సార్."

"కోళ్లకి సరే. ఎక్కడిది?"

బామ్మర్ది నోరు తెరిచాడు. బావ వంక చూశాడు. నోరు మూసేశాడు.

చూశావా, నేను అనుకోలేదూ, అని సీలు సారు లోలోపల చంకలు గుద్దుకున్నాడు. వీణ్ణి మొదటి రోజు నుంచీ అనుమానిస్తూనే ఉన్నాడు. ఆ సంబరంలో జేబులోంచి ఒక బిస్కెట్టు తీసి నోట్లో వేసుకున్నాడు. అప్పుడు ఆయన కళ్లు ఆ గుడ్డసంచి మీద పడ్డాయి. నీలం చారల గుడ్డ. అది తన పాత చొక్కాయే. చొక్కా జేబు ఇంకా అలాగే ఉంది. జేబు మీద తను స్వయంగా వేసిన ఇంటి సీలు కూడా ఉంది.

నమలడం ఆగిపోయింది. ఇంటి సంచి, ఇంటి పొట్టు. అంటే ఇల్లాలు పిండిలో ఏమీ కలపడం లేదు. పిండిలోంచి తీసేస్తోంది. ఎందుకు తీస్తోందో తెలియదు గానీ, వీడు మాత్రం దొంగ కాదు.

"ఇవాళ్టితో నీ ఉద్యోగం సరి," అంటున్నాడు యజమాని. "సీలు సారూ, మీ బంధువని మొహమాటపడకండి. ఇలాంటివాణ్ణి పట్టుకున్నందుకు మూలగది తాళం ఇప్పుడే ఇస్తున్నా."

తాళం ఆయన చేతికి వచ్చింది. చల్లగా, బరువుగా ఉంది. బామ్మర్ది తల వంచుకుని నిలబడ్డాడు. ఒక్క మాటతో బయటపడగలడు. అక్క ఇంటి పొట్టు అంటే చాలు. ఆ మాట అంటే అక్క రహస్యం బావకు తెలిసిపోతుందని నోరు కట్టుకున్నాడు. ఇలాంటివాణ్ణా తను ఇన్నేళ్లూ అనుమానించింది? సీలు సారుకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అదే సమయానికి ఆయన కడుపు హాలంతా వినిపించేలా మూలిగింది. అందరూ ఆయన వైపు తిరిగారు.

"వాడు దొంగ కాదండీ," అన్నాడు సీలు సారు. "ఆ కవరు ఫ్యాక్టరీది గానీ అందులో పిండి మా ఇంటిది. పొద్దున నేనే దొంగిలించాను. మా ఆవిడ నా తిండిలో ఏదో కలుపుతోందని... పరీక్ష చేయిద్దామని..." అని తాళం తిరిగి బల్ల మీద పెట్టేశాడు. అంత కష్టమైన పని ఆయన సర్వీసులో ఇంకోటి లేదు.

వెనక ప్యాకింగ్ ఆడవాళ్లలో ఒకావిడ "అయ్యో రామా" అంది. మిగతావాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

యజమాని నమ్మలేదు. అప్పటికప్పుడు సీలు సారు ఇంటికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. ఇల్లాలి గొంతు హాలంతా పరుచుకుంది. "అవునండీ, పొట్టు మాదే. నేను గొడుగు కోసం లోపలికి వెళ్లినప్పుడు డాక్టరుగారు చెప్పారు. కొన్నాళ్లు పొట్టు, తొక్కలు ఆపి చూడండమ్మా, తగ్గితే కారణం అదేనని తేలుతుంది అని. ఈయనకి చెబితే వింటారా? డాక్టరునే అనుమానించిన మనిషి! అందుకే తలుపేసుకుని గుడ్డలో జల్లిస్తున్నా. ఆ పొట్టు చెత్తబుట్టలో వేద్దామంటే దాన్నీ తనిఖీ చేస్తారాయె. మా తమ్ముడికిచ్చి పంపేస్తున్నా." మళ్లీ తనే, "ఒకటే అర్థం కావట్లేదండీ. ఇంత జల్లించినా ఈయన కడుపు ఇసుమంతైనా తగ్గట్లేదు. ఇంకెక్కడి నుంచి లోపలికి పోతోందో ఆ పీచు!" అంది.

అంతవరకూ ఓ పక్కన నిలబడి అన్నీ గమనిస్తున్న ఆహార నిపుణురాలు ముందుకు వచ్చింది.

"సార్, ఇంట్లో కాకుండా మీరు ఇంకేం తింటారు?"

"ఏమీ తిననండీ. బయటి మెతుకు ముట్టను. ఎవర్నైనా అడగండి."

"మరి ఇప్పుడు మీ నోట్లో ఉన్నదేంటి?"

సీలు సారు గబుక్కున మింగేశాడు. "ఇదా? ఇది తినడం కాదండీ. రుచి చూడటం. డ్యూటీ."

"రుచి చూసి ఉమ్మేస్తారా?"

"భలేవారే! బంగారంలాంటి బిస్కెట్టు ఎలా ఉమ్ముతానండీ?"

"రోజుకి ఎన్నింటి రుచి చూస్తారు?"

"ట్రేకి ఒకటి మేడమ్," అని ల్యాబ్ అమ్మాయి అందించింది. "జేబులోవి వేరే."

"కడుపు బాధ ఎప్పటి నుంచి?"

"ఎప్పట్నుంచంటే..." సీలు సారు బుర్ర గోక్కున్నాడు. "ఈ కొత్త బిస్కెట్టు పని మొదలైన..." అని అక్కడ ఆగిపోయాడు. చెయ్యి జేబు దాకా వెళ్లి, అక్కడున్న బిస్కెట్టును తాకి, కాలినట్టు వెనక్కి వచ్చింది.

"పీచు మంచిదేనండీ. చాలామందికి కావాల్సిందే," అంది ఆవిడ. "కానీ అందరి పేగులూ ఒకలా ఉండవు. మీలాంటివాళ్లకి ఇలాంటి ముతక పొట్టు ఒక్కసారిగా పడితే పేగులు తిరగబడతాయి. కొందరికి ఓట్స్‌లాంటి మెత్తటి పీచు పడుతుంది. అది కూడా డాక్టరుని అడిగి, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. మీ ఆవిడేమో అక్కడ చిటికెలతో తీస్తోంది. మీరేమో ఇక్కడ గంపలతో ఎత్తుకుంటున్నారు."

స్పీకర్‌లోంచి "అదీ సంగతి!" అని వినిపించి ఫోన్ ఆగిపోయింది.

ఇక ఆర్డరు పోయినట్టేనని యజమాని పూలగుత్తిని బల్ల మీద పడేశాడు. ల్యాబ్ అమ్మాయి అసలు లైనులోంచి పిండి తెచ్చి కడిగితే జల్లెడ నిండా పొట్టు మేట వేసింది. ఆహార నిపుణురాలు దాన్ని చూసి, ఆర్డరు ఇచ్చేస్తున్నానంది. "సొంత ఇంటి పిండిని కూడా ల్యాబ్‌కి పట్టుకొచ్చే మనిషి చూసిన సరుకుని నమ్మకపోతే ఇంకెవరి సరుకుని నమ్మను? కానీ రెండు షరతులు. కడుపు సున్నితంగా ఉన్నవాళ్లు డాక్టరుని అడిగి తినాలని ప్యాకెట్ మీద కనిపించేలా వెయ్యండి. ఈయన్ని మాత్రం బిస్కెట్ల జోలికి రానివ్వకండి."

యజమాని బల్ల మీది తాళం తీసి మళ్లీ సీలు సారు చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంట్లో సీలు సారు చాలాసేపు వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "తప్పయిపోయిందే. నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా," అన్నాడు.

"చెబితే పొట్టు మీద కూడా గీత పెట్టేవారు," అంది ఇల్లాలు. గొంతులో కోపం ఉంది గానీ, కంచంలో వేసిన రొట్టె మాత్రం మెత్తగానే ఉంది. ఆయన దాన్ని వాసన చూడకుండా తిన్నాడు. ఆవిడ గోడ వైపు తిరిగి కళ్లొత్తుకుంది.

బిస్కెట్లు మానేసిన కొన్నాళ్లకే ఆయన కడుపు దారిలో పడింది. గడబిడ సద్దుమణిగింది, పొట్ట దిగింది. ఎంతగానో కోరుకున్న మూలగదిలో ఆ గడియతో ఇప్పుడు ఆయనకు పెద్దగా పని పడటం లేదు. రుచి చూసే డ్యూటీకి మాత్రం నమ్మకస్తుడు కావాలని దాన్ని బామ్మర్దికి అప్పగించాడు యజమాని.

నెల తిరక్కుండా ఒక మధ్యాహ్నం బామ్మర్ది పరుగున వచ్చి మూలగది తలుపు కొట్టాడు. నుదుటి మీద చెమట.

"బావగారూ, ఒక్కసారి లోపలికి వెళ్లొస్తా. ఆపలేను."

"ఏరా, ఏమైంది? ఏం తిన్నావు?"

"బయటి మెతుకు ముట్టలేదు బావా, ఒట్టు. ఇంట్లోదే తిన్నా." గొంతు తగ్గించి, అటూ ఇటూ చూశాడు. "మా ఆవిడ నా తిండిలో ఏదో కలుపుతోందని అనుమానంగా ఉంది."

సీలు సారు వాడి జేబులోని బిస్కెట్లు తీసి కవరులో వేసి సీలు చేశాడు.